సీఏ ఇంటర్ ఒక గ్రూపు మిగిలింది, వయసు 29. పూర్తి చేయాలా, సీఎంఏకి మారాలా?

గుంటూరు బీకాం:
అన్నలూ, అక్కలూ, సలహా కావాలి. రాయదుర్గంలో ఒక అమెరికా కంపెనీ అకౌంట్స్ సెంటర్లో ఆరేళ్లుగా చేస్తున్నాను. నెలాఖరు క్లోజింగ్, జర్నల్ ఎంట్రీలు, రికన్సిలియేషన్లు, ఇదే పని. సీఏ ఇంటర్ మొదటి గ్రూపు అయింది. రెండోది మూడుసార్లు రాశాను. చివరిసారి 300కి 147 వచ్చాయి, 150 రావాలి. ఇప్పుడు బడ్జెట్లు, ఫోర్‌కాస్ట్‌లు చూసే ఎఫ్‌పీ అండ్ ఏ టీంలోకి వెళ్లాలని ఉంది. అందుకే సీఎంఏ అనే కాస్ట్, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ కోర్సుకి మారాలా అని ఆలోచిస్తున్నాను. నాన్న సీఏ వదలొద్దంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

బెజవాడ ఆడిటర్:
తమ్ముడూ, 147 తెచ్చుకున్నవాడికి సబ్జెక్టు రాదని ఎవరూ అనలేరు. కానీ గ్రూపు గట్టెక్కాక ఏముందో చూడు. సీఏ దగ్గర రెండేళ్ల శిక్షణ (ఆర్టికల్‌షిప్), అంటే ఉద్యోగం మానాలి. ఆ తర్వాత చదువుకి ఆర్నెల్లు, ఫైనల్లో ఆరు పేపర్లు. స్టయిపెండ్‌తో హైదరాబాద్‌లో అద్దె కూడా గడవదు. కంపెనీల చట్టబద్ధ ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు ప్రాక్టీసులో ఉన్న సీఏకే ఉంటుంది. నేను ఆ సంతకం కోసమే కష్టపడ్డాను. నీకు అది కావాలా? నువ్వు రాసిందాంట్లో ఆడిట్ అనే మాటే లేదు.

క్లోజింగ్ అక్క:
నేనూ ఇదే పని నుంచి ఎఫ్‌పీ అండ్ ఏకి మారాను, అమెరికా సీఎంఏతో. రెండు పార్టులు, ఒక్కోటి నాలుగు గంటలు, 500కి 360 వస్తే పాస్. మొదటి పార్టులో బడ్జెటింగ్, వేరియన్స్ (బడ్జెట్‌కీ అసలు లెక్కకీ తేడా), కాస్టింగ్ ఉంటాయి కాబట్టి చదివింది మర్నాడే ఆఫీసులో కనిపించేది. అయినా మొదటిసారి పోయింది. ఎస్సేలను ఆఖరి వారానికి వదిలేశాను. నేను రాసినప్పుడు వాటికే పాతిక శాతం మార్కులు. క్లోజింగ్ రోజుల్లో పుస్తకం ముట్టలేం, దాన్ని లెక్కలో వేసుకునే పరీక్ష తేదీ పెట్టుకోండి.

ఇంకో మాట. మన దేశపు కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చే సీఎంఏ వేరు, ఇది వేరు. కోచింగ్ వాళ్లు రెండూ కలిపి చెబుతారు. డబ్బు కట్టేముందు మీ కంపెనీలో ఇంటర్నల్ పోస్టింగులు (లోపలివాళ్లకి వేసే ఖాళీల ప్రకటనలు) తెరిచి, ఏది అడుగుతున్నారో చూడండి.

దుబాయ్ లెడ్జర్:
గల్ఫ్‌కి వచ్చే ఆలోచన ఉంటే ఏసీసీఏ అనే బ్రిటన్ అకౌంటింగ్ కోర్సు కూడా చూడు బ్రదర్. నేను అదే చేశాను. పేపర్లు 13, బీకాం వాళ్లకి మొదట్లో కొన్ని మినహాయిస్తారు. ఇండియాలోనే ఉంటానంటే ఫీజులన్నీ పౌండ్లలో కట్టడం దండగ.

లెవెల్ వన్:
సీఎఫ్ఏ పేరు ఎవరైనా చెబితే తొందరపడకు. మూడు లెవెల్స్, ఒక్కోదానికి దాదాపు 300 గంటల చదువు. అది షేర్లు, బాండ్లు, పోర్ట్‌ఫోలియోలు చూసేవాళ్లకి. నేను మొదటి లెవెల్ పాసై ఆపేశాను, నా పనిలో అది అక్కరకు రాలేదు.

గోదావరి బ్యాంకు:
ఇది చదివే బ్యాంకు ఉద్యోగులకు ఒక మాట. బయటి కోర్సులకు లక్షలు పోసేముందు బ్యాంకు ఉద్యోగుల పరీక్షలైన జేఏఐఐబీ, సీఏఐఐబీ పూర్తి చేయండి. ప్రభుత్వ బ్యాంకుల్లో మొదటిదానికి ఒక ఇంక్రిమెంట్, రెండోదానికి రెండు. నేను నాలుగేళ్లు వాయిదా వేసి ఆ డబ్బు పోగొట్టుకున్నాను.

గుంటూరు బీకాం:
అందరికీ థాంక్స్. పోస్టింగులు చూశాను. ఎఫ్‌పీ అండ్ ఏవి తొమ్మిదుంటే ఆరింటిలో 'సీఏ లేదా సీఎంఏ' అని ఉంది. నాన్నకి ఫోన్లోనే చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఫీజు ఎంతని అడిగారు. అక్కా, సర్టిఫికెట్ ఒక్కటే చూసి తీసుకున్నారా మిమ్మల్ని?

క్లోజింగ్ అక్క:
లేదు తమ్ముడూ. రెండో పార్టు చదువుతున్నప్పుడే మా మేనేజర్‌ని అడిగి ఒక కాస్ట్ సెంటర్ (ఖర్చులు విడిగా లెక్కగట్టే విభాగం) వేరియన్స్ వివరణ నేనే రాయడం మొదలుపెట్టాను. ఆరు నెలలు రాశాను. ఇంటర్వ్యూలో ప్రశ్నలన్నీ దాని మీదే. క్లోజింగ్ అయ్యాక, మేనేజర్ కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు అడుగు. ఒక్క కాస్ట్ సెంటరే అడుగు.