ప్లేటింగ్ అయ్యాక ల్యాండింగ్ గేర్‌కి మళ్ళీ క్రాక్ చెకింగ్ ఎందుకండీ?

రాజోలు కుర్రోడు

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర, డిప్లొమా కాకినాడలో, ఇప్పుడు హైదరాబాద్‌లో ల్యాండింగ్ గేర్ (విమానం చక్రాలుండే కాళ్ళు) మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేసే ఒక షాపులో (పేరొద్దులెండి) ఎన్‌డీటీ సెక్షన్‌లో, అంటే ముక్క పాడవకుండా లోపాలు వెతికే చోట, లెవెల్ వన్‌గా (మొదటి మెట్టు) చేస్తున్నా. పండక్కి ఊరొచ్చి ఖాళీగా ఉన్నా కాబట్టి చాన్నాళ్ళుగా బుర్రలో తిరుగుతున్న డౌట్లు ఇక్కడ పెడుతున్నా, మన గోదావరి జిల్లాల గ్రూపులో హ్యాంగర్లలో చేసిన పెద్దోళ్ళు ఉన్నారని విన్నా.

విషయం ఏంటంటే మెయిన్ గేర్ పిస్టన్ ఒకటి వచ్చింది, క్రోమ్ కింద తుప్పు గుంటలు. పాత క్రోమ్ తీసేశారు, గుంటలు పోయేదాకా గ్రైండ్ చేశారు, ఓవెన్‌లో పెట్టారు, మేం మ్యాగ్నెటిక్ పార్టికల్ (ఎంపీఐ అంటాం, ముక్కని అయస్కాంతం చేసి మెరిసే పొడి కలిపిన ద్రవం పోస్తే పగులు దగ్గర పొడి పట్టి గీతలా కనపడుతుంది) చేశాం, క్లియర్. తర్వాత షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో కొట్టి పైపొర బిగించడం), మళ్ళీ క్రోమ్ ప్లేటింగ్, మళ్ళీ ఓవెన్, సైజుకి గ్రైండింగ్. ఇంతా అయ్యాక రూట్ కార్డులో (పనుల వరస, టైములు రాసే కాగితం) మళ్ళీ ఎంపీఐ ఉంది. మా సీనియర్ ఏమో "ఒకసారి క్లియర్ అయిన ముక్కేగా, మధ్యలో విమానానికి బిగించామా, ల్యాండ్ అయిందా, ఇంక ఫెటీగ్ ఎక్కడ్నుంచొస్తది, ఇది ఫార్మాలిటీ" అంటాడు. ఫెటీగ్ అంటే పదే పదే లోడు పడి వచ్చే పగులు కదా, లోడే పడని దాన్లో కొత్త పగులు ఎలా వస్తుందండి మరి?

ఇంకోటి, ఇలాంటిదే వేరే ముక్క మీద పిస్టన్‌కి యాక్సిల్ కలిసే మూలలో, ఆ గుండ్రటి వంపు (రేడియస్) దగ్గర, యూవీ లైటు కింద సన్నగా పచ్చ గీత కనబడింది. గుడ్డతో తుడిస్తే పోయింది. "చూశావా పోయింది, మ్యాగ్నెటిక్ రైటింగే అది" అన్నాడు, అంటే ముక్క వేరే ఇనుముకి రాసుకుంటే పడే ఉత్తుత్తి గీత. నాకైతే మనసొప్పలేదు. నిజం పగులో ఉత్తుత్తి గీతో ఎలా తేల్చుకోవాలి?

మూడోది మా బావ అడిగాడు, ఆయనకి లారీలున్నాయి. "యాక్సిల్‌కి వెంట్రుకంత పగులుంటే ఈ సీజన్ లాగించేస్తాం, మీ విమానాల్లో ఎంత వరకు వదిలేస్తారు రా" అని. ఏం చెప్పాలో తెలీక చింతకాయ పచ్చడి బాగుందని మాట మార్చేశా.

ఆకివీడు లేత్

తమ్ముడూ, విమానాల సంగతి నాకు తెలీదు గానీ ఆకివీడులో నాకు లేత్ షాపుంది, రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్ట్‌లు వారానికి బోల్డన్ని వస్తాయి, ఉప్పు నీళ్ళలో తిరిగి తిరిగి విరిగినవే అన్నీ. నేను చూసిందేంటంటే వెల్డ్ కొట్టి తిప్పి ఇచ్చిన షాఫ్ట్ మళ్ళీ విరిగితే వెల్డింగ్‌లో విరగదు, వెల్డింగ్ ఎక్కడ ఆగిందో ఆ పక్కనే కటుక్కుమంటది. రైతు వచ్చి నీ వెల్డింగ్ బాలేదంటాడు, ఏం చెప్తాం. అందుకని నాకు తోచింది చెప్తున్నా, మీ దాన్లో కూడా రిపేరు చేసిన చోటు కంటే రిపేరు ఆగిన చోటు చూడాలేమో.

ఇంకో డౌటు నాదీను. మేం ఎర్ర డై స్ప్రే కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడతాం, పగులుంటే ఎర్రగా ఊరొస్తది. చవక, చీకటి గది అక్కర్లేదు. మీరు అదెందుకు వాడరు?

పాత హ్యాంగర్ (అమలాపురం)

లేత్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు, చదువుకున్నోళ్ళు కూడా మర్చిపోయే మాటది. నేను సర్వీసంతా గేర్ల మీదే చేసి రిటైరయ్యా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు బాబూ.

ముందు మీ సీనియర్ మాట. రెండో ఎంపీఐలో వెతికేది ఫెటీగ్ పగులు కాదు, మన షాపు పెట్టిన పగులు. ఆ ముక్క ఫ్లైట్ ఎక్కకపోయినా మీ దగ్గర తక్కువ కష్టాలు పడిందా? క్రోమ్ గట్టిది, దాన్ని గ్రైండ్ చేసేటప్పుడు వీల్ కాస్త మొద్దుబారినా, కూలెంట్ ఒక్క పక్క సరిగా పడకపోయినా వేడి కింద స్టీల్‌లోకి దిగిపోతుంది. పైకి అద్దంలా మెరుస్తా ఉంటది, కింద స్టీల్ ఆ మచ్చ మేర మెత్తబడిపోయో లేకపోతే మళ్ళీ గట్టిపడి పెళుసెక్కో ఉంటది. అలా పెళుసెక్కిన చోట సన్నటి పగుళ్ళొస్తాయి, ఎక్కువగా గ్రైండింగ్ దిశకి అడ్డంగా. పిస్టన్‌ని తిప్పుతూ గ్రైండ్ చేస్తారు కాబట్టి అవి నిలువుగా, పొడుగు వెంబడి కనపడతాయి. అవే తర్వాత ఫెటీగ్‌కి పుట్టిల్లు.

రెండోది హైడ్రోజన్. ప్లేటింగ్ తొట్టిలో ఉన్నంతసేపూ స్టీల్ హైడ్రోజన్ పీలుస్తూనే ఉంటది, అది లోపలే ఉండిపోతే స్టీల్ పెళుసెక్కిపోద్ది. అందుకే ప్లేటింగ్ అవ్వగానే 190 డిగ్రీల దగ్గర 23 గంటలు ఓవెన్‌లో పెట్టేది, అదీ తొట్టిలోంచి తీసిన 4 గంటల్లోపు మొదలెట్టాలని మామూలుగా రూలు (మీ మాన్యువల్లో ఏముంటే అదే ఫైనల్). రాత్రి షిఫ్టోడు తీసి పక్కన పెట్టి, పొద్దున్నొచ్చినోడు ఓవెన్‌లో పెడితే పని అయినట్టే ఉంటది గానీ పగులు తర్వాతెప్పుడో వస్తది, బయట్నుంచి ఏ లోడూ పడక్కర్లేదు, స్టీల్ లోపల మిగిలున్న లాగుడే చాలు. కాబట్టి ఈసారి ముక్క నీ టేబుల్ మీదకొస్తే ముందు యూవీ లైటు కాదు, రూట్ కార్డు తియ్యి. ప్లేటింగ్ ముగిసిన టైముకీ ఓవెన్ స్టార్ట్ టైముకీ గ్యాప్ ఎంతో చూడు. నేను జూనియర్లకి మొదట నేర్పేది ఇదే, కొందరికి నచ్చేది కాదు.

అయితే ఒక మెలిక ఉంది. క్రోమ్‌కి అయస్కాంత గుణం లేదు, అది ఎంత మందంగా ఉంటే కింద పగులు దగ్గర బయటికి పొంగే ఫీల్డ్ అంత బలహీనంగా పైకొస్తది, పొడి పట్టుకోదు. అంటే ఉత్త స్టీల్ మీద చేసిన మొదటి ఎంపీఐ ఉంది చూశావూ, దాంట్లో వదిలేసింది రెండోదాంట్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. ఉత్త స్టీల్‌గా ఉన్నప్పుడే నైటల్ ఎచ్ చేసి (పలచటి యాసిడ్ పూసి) గ్రైండింగ్ వేడికి పడ్డ బర్న్ మచ్చలు చూసేది కూడా అందుకే, నల్లగా ఉంటే మెత్తబడింది, తెల్లగా ఉంటే మళ్ళీ గట్టిపడింది అని. క్రోమ్ మీద నుంచి బర్న్ పట్టాలంటే బార్క్‌హౌసెన్ మీటరు (స్టీల్ అయస్కాంత సిగ్నల్‌ని కొలిచేది) కావాలి. మీ షాపులో ఉందో లేదో కనుక్కో.

ఎక్కడ చూడాలి అంటావా, లేత్ గారన్నట్టు ఆగిన చోట్లు. క్రోమ్ ముగిసే అంచు, గుంట తీసి నున్నగా కలిపిన దాని గట్టు, బుష్ పీకి కొత్తది కొట్టిన లగ్ రంధ్రం లోపల, గ్రీజు రంధ్రాల నోళ్ళు. క్రోమ్ పొరపాటున రేడియస్‌లోకి జారి ఉంటే అదొక్కటి చాలు పంపెయ్యకుండా ఆపడానికి.

దిశ సంగతి కూడా. హెడ్ షాట్ (ముక్కలోంచే కరెంటు పంపడం) ఒక్కటి కొట్టి అయిపోయిందనుకుంటారు కొందరు. కరెంటు పొడుగునా పోతే ఫీల్డ్ చుట్టూ తిరుగుతుంది, నిలువు పగుళ్ళే దొరుకుతాయి. వంగి వంగి వచ్చే ఫెటీగ్ పగులు పిస్టన్ చుట్టూ వస్తది, దానికి కాయిల్ షాట్ (ముక్కని తీగ చుట్టలో పెట్టి అయస్కాంతం చెయ్యడం) ఉండాల్సిందే. రంధ్రాలకి మధ్యలోంచి రాగి కడ్డీ పెట్టి వేరేగా.

ఇక నీ పచ్చ గీత. తుడిస్తే పోవడం దేనికీ రుజువు కాదు! నిజం పగులు మీద పట్టిన పొడి కూడా తుడిస్తే పోతుంది. డీమాగ్ చెయ్యి (అయస్కాంతం పోగొట్టు), సాల్వెంట్‌తో కడుగు, మళ్ళీ రెండు దిశల్లో మాగ్నటైజ్ చేసి బాత్ (పొడి కలిపిన ద్రవం) పొయ్యి. మ్యాగ్నెటిక్ రైటింగ్ అయితే డీమాగ్‌తో చచ్చిపోతుంది, మళ్ళీ రాదు. రేడియస్ ఆకారం వల్ల వచ్చేది మళ్ళీ వస్తుంది గానీ వెడల్పుగా, అంచుల్లేకుండా మసగ్గా వస్తది. సూదిలా సన్నగా అదే చోట మళ్ళీ వచ్చిందా, 10 రెట్ల లెన్స్ తీసుకో, ఫోటో తియ్యి, కాగితం మీద రాసి లెవెల్ త్రీ దగ్గరికి పంపు. ఎమరీతో రుద్ది చూద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. సీనియర్‌తో గొడవ అక్కర్లేదు, రాసిన కాగితం దాని పని అది చేసుకుంటది.

రికార్డులో ఉన్నదొకటి చెప్తా. 2016 అక్టోబర్ 28న అమెరికాలో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫెడెక్స్ వాళ్ళ కార్గో ఎండీ 10 దిగగానే ఎడమ మెయిన్ గేర్ విరిగిపోయింది, రెక్క రన్‌వే మీద ఈడ్చుకుంటూ మంటలొచ్చాయి, పైలట్లిద్దరూ బయటపడ్డారు. పగులు మొదలైంది పెద్ద పెద్ద జాయింట్ల దగ్గర కాదు, సిలిండర్‌కి గాలి నింపే వాల్వు రంధ్రం దగ్గర. అక్కడ ఉండాల్సిన క్యాడ్మియం కోటింగ్ లేదు, తుప్పు గుంట పడింది, ఆ గుంటలోంచి పగులు. పైగా తయారీవాళ్ళు 8 ఏళ్ళకి ఓవర్‌హాల్ చెయ్యమంటే వీళ్ళు 9 పెట్టుకున్నారు. కోటింగ్ ఎందుకు లేదో దర్యాప్తులో కూడా తేల్లేదు. కాబట్టి రంధ్రం లోపల లైటు పెట్టి చూడ్డానికి బద్ధకించకు.

మెటలర్జీ టీచర్, కాకినాడ

పై రిప్లై చాలా బాగుంది గురువుగారూ, మా పిల్లలకి చదివి వినిపిస్తా. మిగిలిన రెండు ప్రశ్నలకి నేను చెప్తాను.

మీ బావగారికి సమాధానం: సున్నా. గేర్‌లో పగులు అని తేలితే ఎంత చిన్నదైనా ఒప్పుకోరు. పట్టుదల కాదది, లెక్క. పెద్ద విమానాల గేర్లకి ఎక్కువగా వాడే 300ఎం స్టీల్ బలం 1900 మెగాపాస్కల్ పైచిలుకు, మామూలు మైల్డ్ స్టీల్‌కి నాలుగైదు రెట్లు. కానీ అంత బలం పెంచితే పగులుని తట్టుకునే గుణం పోతుంది. ఆ గుణం కొలత, ఫ్రాక్చర్ టఫ్‌నెస్, దానికి 60 మెగాపాస్కల్ రూట్ మీటర్ దగ్గర్లో ఉంటుంది, 1000 మెగాపాస్కల్ స్ట్రెస్ దగ్గర లెక్కేసి చూడండి, లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకే పగులు ఇంక ఆగకుండా విరిగిపోయే స్థాయికి చేరుతుంది. రెక్కల్లో, బాడీలో అల్యూమినియం పగులైతే మెల్లగా పెరుగుతుంది, ఒక చెకింగ్‌లో తప్పినా ఇంకో చెకింగ్‌లో దొరుకుతుందని ప్లాన్ చేస్తారు. గేర్‌కి ఆ వెసులుబాటు లేదు, అందుకే సేఫ్ లైఫ్ అని పెట్టి, టెస్టులో తట్టుకున్న ల్యాండింగ్‌లని 3 నుంచి 5తో భాగించి, అంతవరకే వాడి తీసి పారేస్తారు, బాగున్నా సరే. లారీ యాక్సిల్ స్టీల్ అంత గట్టిది కాదు కాబట్టి పగులుతో కొన్నాళ్ళు లాగుతుంది. అలాగని మీ బావగారు లాగించమని నేను అనట్లేదు, ధాన్యం బస్తాల లోడుతో రావులపాలెం బ్రిడ్జి మీద విరిగితే అప్పుడు తెలుస్తుంది.

లేత్ గారూ, ఎర్ర డై మీ పనికి బ్రహ్మాండం. విమాన భాగాల ఫైనల్ చెకింగ్‌కి మాత్రం ఎర్ర డై ఒప్పుకోరు, చీకట్లో మెరిసే ఫ్లోరసెంట్ పెనెట్రెంటే వాడాలి, కన్ను దాన్ని ఇంకా చిన్నదాకా పడుతుంది. పైగా ముందు ఎర్రది కొట్టిన ముక్క మీద తర్వాత ఫ్లోరసెంట్ కొడితే పగుళ్ళలో మిగిలిన ఎర్ర రంగు మెరుపుని చంపేస్తుంది. ఇంకో చిక్కు, పెనెట్రెంట్ లోపలికి దూరాలంటే పగులు నోరు తెరిచుండాలి. షాట్ పీనింగో గ్రిట్ బ్లాస్టింగో అయ్యాక ఆ నోరు మూసుకుపోతుంది. అయస్కాంతం పట్టే స్టీల్ అయితే ఎంపీఐకి నోటితో అంత పని లేదు, ఉపరితలానికి కాస్త కింద ఉన్నది కూడా దొరికే ఛాన్సుంది.

ఒకటి కలుపుతాను, క్రోమ్ మీద ఫ్లోరసెంట్ పెనెట్రెంట్ కొట్టినప్పుడు వలలాగా సన్న గీతలు కనపడితే కంగారు పడొద్దు, క్రోమ్‌కి పుట్టుకతోనే మైక్రో క్రాక్స్ ఉంటాయి. ఆ వలలో నిలువుగా, ఒకే దిశలో వరసగా ఉన్న గీతలు వేరేగా కనిపిస్తే అప్పుడు అనుమానించాలి.

రాజోలు కుర్రోడు

బాబోయ్ ఇంత వస్తుందనుకోలేదండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నా. గురువుగారూ, ఆ పచ్చ గీత ముక్క ఇంకా ప్యాక్ అవ్వలేదంట, ఇందాకే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి హోల్డ్ ట్యాగ్ కట్టించా, వెళ్ళగానే డీమాగ్ చేసి మళ్ళీ చేస్తా. ఒక చిన్న విషయం, నాకు ఎండలోకెళ్తే నల్లబడే కళ్ళద్దాలు, యూవీ లైటు కింద చూసే చీకటి బూత్‌లో కూడా అవే పెట్టుకుంటున్నా, పర్లేదా?

పాత హ్యాంగర్ (అమలాపురం)

పర్లేదా ఏంటి బాబూ, అవి యూవీ తగిలితేనే నల్లబడేది! బూత్‌లో అవి వాడకూడదని స్టాండర్డ్‌లోనే ఉంది. మామూలు పవర్ అద్దాలు ఇంకో జత చేయించుకో, రాజోల్లోనే చేయించుకుని వెళ్ళు. బూత్‌లోకెళ్ళాక కనీసం ఒక నిమిషం కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వు, ఫోన్ బయటే వదిలెయ్, తెల్ల చొక్కా వద్దు, అది యూవీలో మెరిసి గదంతా వెలుగిస్తది. లైటు 38 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 1000 మైక్రోవాట్లన్నా ఉండాలి, మామూలు వెలుతురు 20 లక్స్ దాటకూడదు. బాత్ శాంపిల్ 100 మిల్లీలీటర్లు గాజు గొట్టంలో పోసి అడుగున ఎంత పొడి దిగిందో షిఫ్టు మొదట్లో చూస్తున్నారా లేక నిన్నటి రీడింగే రాస్తున్నారా అది కూడా గమనించు.

ఆకివీడు లేత్

మేడం గారూ, స్క్రాప్ అయిన గేర్ స్టీల్ మాకు కేజీల లెక్కన దొరికే దారుందాండీ? నాలుగైదు రెట్ల బలం అంటున్నారు, ఏరేటర్ షాఫ్ట్‌లకి ఎంచక్కా సరిపోతది.

మెటలర్జీ టీచర్, కాకినాడ

దొరకదండి, మళ్ళీ ఎవరూ బిగించకుండా ముక్కలుగా కోసి పాడుచేసే పంపుతారు. దొరికినా మీకు పనికిరాదు. ఆ స్టీల్‌కి కోటింగ్ లేకుండా ఉప్పు నీళ్ళు తగిలితే తిప్పక్కర్లేదు, ఊరికే లోడు మీద నిలబడి కూడా పగులుతుంది. మీరు ఈఎన్ 8 (షాఫ్ట్‌లకి వాడే మామూలు కార్బన్ స్టీల్) వాడుతున్నట్టయితే అదే ఉంచి, మెట్టు దగ్గర మూల పదునుగా వదలకుండా రేడియస్ పెద్దది ఇచ్చి చూడండి.