హైజర్ ఫ్లిప్ కుదరడం లేదు: ఒక డిస్క్ ఎడమకు, ఇంకొకటి కుడికి. తప్పు చేతిదా, డిస్క్‌దా?

పైన్‌వనం, షార్లట్:

అందరికీ నమస్కారం. డిస్క్ గోల్ఫ్ (బంతికి బదులు పళ్లెంలాంటి డిస్క్‌ను విసిరి బాస్కెట్‌లో వేసే ఆట) మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. నాది కుడిచేతి వాటం, బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి తీసుకెళ్లి విసరడం) మాత్రమే వేస్తాను. ఖాళీ మైదానంలో బాగా కుదిరిన రోజు 260 అడుగులు పోతుంది, అంతకు మించి ఎప్పుడూ పోలేదు. శని, ఆదివారాల్లో రీడీ క్రీక్‌లోనో నెవిన్ పార్కులోనో ఆడతాను. అక్కడ ఆడినవాళ్లకు తెలుసు, అడవిలో ఆడినట్టే ఉంటుంది. టీ ప్యాడ్ (మొదట విసిరే చోటు) మీద నిలబడితే చెట్ల మధ్య సన్నటి దారి, ఆ చివర ఎక్కడో బాస్కెట్.

ఆ దారుల్లో నా డిస్క్ సూటిగా పోదు, అదే నా బాధ. మాతో ఆడే పెద్దాయన ఒకరు "హైజర్ ఫ్లిప్ నేర్చుకో, ఈ సొరంగాలకు అదే మందు" అన్నారు. వీడియోలు చూశాను. డిస్క్ బయటి అంచును కిందికి వంచి వదిలితే గాల్లో దానంతటదే లేచి, సమంగా అయ్యి, సూటిగా సాగాలి. ముందు డెస్ట్రాయర్ అనే డిస్క్‌తో వేశాను. అది లేవనే లేదు, వంచిన వంపులోనే ఎడమకు తిరిగి పొదల్లో పడింది. తర్వాత ఎవరో చెప్పారని 165 గ్రాముల రోడ్‌రన్నర్ కొన్నాను. అది లేస్తుంది, కానీ సమంగా అయ్యాక ఆగదు. కుడికి ఒరిగిపోయి నేలకు తగిలి, బండి చక్రంలా దొర్లుకుంటూ చెట్లలోకి పోతుంది. గత ఆదివారం ఒకే హోల్‌లో (టీ ప్యాడ్ నుంచి బాస్కెట్ దాకా ఉండే ఒక దారి) రెండు డిస్కులూ వేశాను. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి వెతుక్కున్నాను.

డిస్క్ మార్చాలా, విసరడం మార్చుకోవాలా? ఒక్కటే కొనాలంటే ఏది కొనమంటారు?


బొంగరం, రాలీ:

బ్రదర్, రెండూ మార్చాలి, ముందు డిస్క్.

డిస్క్ మీద నాలుగు అంకెలుంటాయి కదా: వేగం, గ్లైడ్ (గాల్లో తేలడం), టర్న్ (వేగంగా పోయేటప్పుడు కుడికి తిరగడం, మైనస్ అంకె పెద్దదైతే ఎక్కువ), ఫేడ్ (చివర్లో ఎడమకు దిగడం). డెస్ట్రాయర్‌కి 12, 5, -1, 3. అందులో -1 చూసి ఇది కూడా కాస్త కుడికి తిరుగుతుందిలే అనుకుంటాం. కానీ ఆ -1 కనిపించాలంటే 12కి తగ్గ వేగంతో విసరాలి. 260 అడుగుల చేతికి ఆ టర్న్ కనిపించదు, చివరి 3 మాత్రమే మిగులుతుంది. అంటే ఎడమకు దిగడమే. మీరు తప్పు వేయలేదు, ఆ డిస్క్ చేసేదే అది.

ఎందుకు లేస్తుందో తెలిస్తే డిస్క్ ఎంచుకోవడం తేలికవుతుంది. బొంగరం తిప్పినవాళ్లకు ఇది చూడగానే అర్థమవుతుంది. తిరిగే బొంగరాన్ని వేలితో నెడితే నెట్టిన వైపుకు పోదు, దానికి అడ్డంగా ఒరుగుతుంది. డిస్క్ కూడా అంతే. అండర్‌స్టేబుల్ డిస్క్, అంటే తేలిగ్గా కుడికి తిరిగే రకం, వేగంగా పోయేటప్పుడు గాలి దాని వెనక భాగాన్ని పైకి తోస్తుంది. తిరగని పళ్లెమైతే ముక్కు కిందికి దిగేది. మన డిస్క్ సవ్యదిశలో తిరుగుతోంది కాబట్టి ముక్కు దిగే బదులు ఎడమ అంచు లేస్తుంది. వేగం తగ్గాక గాలి తోపు ముందు భాగానికి మారి, అదే అంచు మళ్లీ దిగుతుంది, అదే ఫేడ్. కాబట్టి హైజర్ ఫ్లిప్ అంటే ఒక లెక్క. మీ చేతి వేగానికి డిస్క్ ఎంత లేస్తుందో అంతే వంచి వదలాలి. తక్కువ వంచితే కుడికి దాటిపోతుంది, ఎక్కువ వంచితే లేవకుండా ఎడమకు పోతుంది.

మీ చేతికి నేను చెప్పేది లెపర్డ్. అంకెలు 6, 5, -2, 1. 165 నుంచి 170 గ్రాముల మధ్య, డీఎక్స్ ప్లాస్టిక్‌లో తీసుకోండి. ఖరీదు తక్కువని కాదు, ఆ ప్లాస్టిక్ త్వరగా అరుగుతుంది, అరిగేకొద్దీ ఇంకా తేలిగ్గా లేస్తుంది. నా బ్యాగులో మూడు లెపర్డ్‌లున్నాయి. పాతదాని అంచు మీద బొటనవేలు పెట్టి తిప్పితే రంపంలా గీసుకుంటుంది, పైన్ చెట్లు చేసిన గాట్లు అవి. దానికి చాలా వంపు ఇస్తేనే సూటిగా పోతుంది. కొత్తది కొంచెం వంపుకే చాలంటుంది. మధ్యది రెంటికీ మధ్య. అచ్చు ఒకటే కాబట్టి చేతిలో పట్టు మారదు. మూడు కంపెనీల మూడు డిస్కులు కొనడం కన్నా ఇదే మేలని నా నమ్మకం.

ఇక విసరడం. వంపు మణికట్టుతో ఇస్తున్నారేమో చూసుకోండి. చాలామంది నిటారుగా నిలబడి, చెయ్యి ఒక్కటే కిందికి తిప్పి వదులుతారు. అలా చేస్తే వదిలే క్షణంలో మణికట్టు వెనక్కి తిరిగి డిస్క్ వణుకుతుంది. రోడ్‌రన్నర్ లాంటి డిస్క్‌కి ఆ వణుకే చాలు, బోర్లా పడిపోతుంది. నడుము దగ్గర ముందుకు వంగండి. భుజాలు, చెయ్యి, డిస్క్ మూడూ ఒకే వాలులో ఉండాలి. విసిరాక మొదటి 30 అడుగులు మాత్రమే చూడండి. అక్కడ డిస్క్ రెపరెపలాడితే డిస్క్‌ను తిట్టకండి.


గాలిమైదానం, ఫ్రిస్కో:

నాది కొంచెం వేరే మాట. మా టెక్సస్‌లో బయలు ఎక్కువ, గాలి ఎక్కువ. ఎదురుగాలిలో ప్రతి డిస్కూ మామూలు కన్నా ఎక్కువ తిరుగుతుంది. అలాంటప్పుడు లెపర్డ్‌తో హైజర్ ఫ్లిప్ వేస్తే సమంగా ఆగుతుందన్న నమ్మకం లేదు. 240 అడుగుల్లోపు సూటి దారికి నేనైతే బజ్ అనే డిస్క్ తీసుకుని సమంగానే వదులుతాను, దాని అంకెలు 5, 4, -1, 1. హైజర్ ఫ్లిప్ నేర్చుకోవద్దనడం లేదు. ముందు సమంగా, వణుకు లేకుండా వదలడం వస్తే, వంచి వదలడం వెంటనే వస్తుంది.


ఎర్రమట్టి, షార్లట్:

ఇద్దరూ చెప్పినవి నిజమే. కానీ మన దగ్గర చెట్లు గాలిని చాలావరకు ఆపేస్తాయి కాబట్టి ఇక్కడ హైజర్ ఫ్లిప్‌కే నా ఓటు.

నేను మీకన్నా తక్కువ దూరం వేస్తానండి, 210 అడుగులు దాటితే ఆ రోజు పండగే. మొదట్లో అందరూ "స్పీడ్ పెంచు, డ్రైవర్ (దూరం విసిరే డిస్క్) మార్చు" అనేవారు. అలా రెండేళ్లు పోయాయి. ఆ తర్వాత 150 గ్రాముల లెపర్డ్ కొన్నాను. బరువు తక్కువైతే అదే చేతికి ఎక్కువ లేస్తుంది. మొదటిరోజే అది వాలుగా వెళ్లి మెల్లగా లేచి, రెండు చెట్ల మధ్యనుంచి బల్ల మీద పళ్లెం జారినట్టు పోయింది. నేను టీ ప్యాడ్ మీదే నిలబడిపోయాను. చేతిలో బలం లేక కాదు, నా చేతికి తగ్గ డిస్క్ ఎవరూ ఇవ్వలేదంతే.

2012లో ప్రో వరల్డ్స్, అంటే ఈ ఆటలో ప్రొఫెషనల్ ప్రపంచ పోటీలు, మన షార్లట్‌లోనే జరిగాయి, పాల్ మెక్‌బెత్ మొదటి ప్రపంచ టైటిల్ ఇక్కడే గెలిచాడు. అంత వేగమున్న చేతులు 12 స్పీడ్ డిస్క్‌ను కూడా లేపుతాయి. వీడియోల్లో మనం చూసేది ఆ చేతుల్నే. ఆ బ్యాగు చూసి మన బ్యాగు నింపుకోకూడదు.

రోడ్‌రన్నర్‌ని అమ్మేయకండి. కుడికి వంగే దారులకు అదే పనికొస్తుంది, వెనకగాలి ఉన్నప్పుడు ఇంకా బాగుంటుంది. ఇంకో మాట, వానపడ్డాక టీ ప్యాడ్ పక్కన మట్టి తొక్కి ప్యాడ్ ఎక్కకండి. ఇక్కడి ఎర్రమట్టి అచ్చం మా పాలమూరు చెల్కల్లాగే బూట్లకు అంటుకుని జారుతుంది. కాలు జారుతుందని భయముంటే నడుము వంగదు. ఒక పాత తువ్వాలు పెట్టుకోండి.


పైన్‌వనం, షార్లట్:

పది రోజులు ఆగి రాస్తున్నాను. డీఎక్స్ లెపర్డ్, 167 గ్రాములది కొన్నాను. నాలుగు సాయంత్రాలు ఇంటి దగ్గరి మైదానంలో రోజుకు ముప్పై విసుర్లు వేశాను, పరుగు లేకుండా, నిలబడే. బొంగరం గారు చెప్పింది నిజం. ఫోన్‌లో తీసి చూస్తే నేను కర్రలా నిలబడి చెయ్యి మాత్రమే వంచుతున్నాను. నడుము వంచిన మొదటి రోజు డిస్క్ నేలలోకి కొట్టేశాను. మూడో రోజుకి వణుకు తగ్గింది.

నిన్న పొద్దున రీడీ క్రీక్‌లో, మొన్న రెండు డిస్కులూ వెతుక్కున్న అదే హోల్. వంగి, మెల్లగా వేశాను. డిస్క్ ఎడమ అంచు కిందికి పెట్టుకుని బయల్దేరింది. మొదటి జత చెట్లు దాటేసరికి ఆ అంచు లేచింది, డిస్క్ పైన ఉన్న పసుపు రంగు నాకు కనపడకుండా పోయి ఒక గీతలా మిగిలింది. ఆ గీత అలాగే చాలాసేపు పోయింది. నోట మాట రాలేదు. బాస్కెట్‌కి ఎడమవైపు 20 అడుగుల దూరంలో పడింది.

ఫ్రిస్కో అన్నగారూ, మీరన్నట్టు సమంగా కూడా వేసి చూశాను. కుడికి పోయింది, కానీ వణకలేదు. ఎర్రమట్టి గారూ, తువ్వాలు బ్యాగులో ఉంది.

ఒక్క సందేహం మిగిలింది. చివర్లో ఎప్పుడూ 15, 20 అడుగులు ఎడమకు దిగుతోంది. ఇంకా తక్కువ వంచాలా?


బొంగరం, రాలీ:

చాలా సంతోషం బ్రదర్. వంపు మార్చకండి, మీ గీత సరిగ్గానే ఉంది. ఎత్తు తగ్గించండి. ముక్కు కొంచెం పైకి ఉంటే డిస్క్ ఎత్తుకు ఎక్కి వేగం పోగొట్టుకుని ఎడమకు దిగుతుంది. ఈసారి భుజం ఎత్తులోనే వెళ్లేలా వేసి చూడండి. అయినా దిగితే బాస్కెట్‌కి కుడివైపు చెట్టును గురి పెట్టుకోండి, 20 అడుగులు ఎప్పుడూ ఒకేవైపు దిగితే దాన్ని లెక్కలో కలుపుకోవచ్చు. వచ్చే నెల షార్లట్ వస్తున్నాను, ఆ హోల్ నాక్కూడా చూపించండి.