పైపు గ్యాస్ సంస్థలు ఇతర ఇంధన వ్యాపారాల్లోకి వెళ్లడం మంచిదేనా?

ప్రశ్న – బరంపురం కామర్స్ విద్యార్థి:
మా గంజాం జిల్లాలో పైపు గ్యాస్ పంపిణీ హక్కు గెయిల్ గ్యాస్‌కు ఉన్నా, ఇంకా ఎన్నో ఇళ్లలో వంట సిలిండరు మీదే సాగుతోంది. పెద్ద నగరాల సంస్థలు మాత్రం అప్పుడే వేరే దారులు వెతుకుతున్నాయి. ముంబయి మహానగర్ గ్యాస్ విద్యుత్ ఆటోలు తయారుచేసే త్రీఈవీలో వాటా తీసుకుంది, ఢిల్లీ ఇంద్రప్రస్థ గ్యాస్ మీటర్ల తయారీకి ఉమ్మడి సంస్థ పెట్టింది. చేతిలో ఉన్న పని పూర్తికాకుండానే ఇవన్నీ ఎందుకో పెద్దలు వివరించగలరా?

జవాబు – ఛత్రపూర్ నుంచి:
ఈ సంస్థల లాభమంతా ప్రభుత్వం కేటాయించే చవక దేశీయ గ్యాస్ మీద నిలబడి ఉంది. 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో సీఎన్‌జీకి ఇచ్చే ఆ కేటాయింపును వరుసగా రెండుసార్లు తగ్గించడంతో, లోటును ఖరీదైన గ్యాస్‌తో పూడ్చుకోవలసి వచ్చింది. ఆ భారాన్ని పూర్తిగా వినియోగదారుడి మీద వేస్తే, సీఎన్‌జీకీ పెట్రోలుకూ మధ్య తేడా తగ్గి, బండి కొనేవాడు వెనకాడతాడు. దీనికి తోడు, సీఎన్‌జీకి పెద్ద గిరాకీ అయిన సిటీ బస్సులు, ఆటోలు విద్యుత్తుకు మారుతున్నాయి. కాబట్టి వాళ్ల ఆందోళన న్యాయమైనదే.

జవాబు – పర్లాకిమిడి నుంచి:
ఆందోళన న్యాయమైనదే కానీ, అన్ని దారులూ ఒకటి కావు. పంపిణీ సంస్థకు అసలు బలం తన ప్రాంతంలో పైపులు వేసుకునే ప్రత్యేక హక్కు, సాధారణంగా 25 ఏళ్లు ఉండేది. విద్యుత్ వాహనాల ఛార్జింగ్ కేంద్రానికి అటువంటి రక్షణ లేదు, ఎవరైనా పక్కనే పెట్టుకోవచ్చు. బండ్ల తయారీ ఇంకా దూరపు విద్య. మహానగర్ గ్యాస్ 2024లో యూనిసన్ ఎన్విరో అనే గ్యాస్ పంపిణీ సంస్థను కొని రత్నగిరి, లాతూరు, ధారాశివ్, కర్ణాటకలోని చిత్రదుర్గ, దావణగెరె ప్రాంతాలకు విస్తరించడమే నా దృష్టిలో గట్టి అడుగు. ఎందుకంటే అది తెలిసిన పనినే కొత్త ఊళ్లకు తీసుకువెళ్లడం.

గడ్డి, పేడ వంటి వాటి నుంచి తీసే బయోగ్యాస్‌ది వేరే సంగతి. శుద్ధి చేసిన బయోగ్యాస్ కూడా పైపు గ్యాస్ లాగే దాదాపు మీథేన్ అనే వాయువే కనుక అవే పైపుల్లో, అవే బంకుల్లో అమ్ముడవుతుంది. పైగా కేంద్రం సీఎన్‌జీ, ఇళ్ల పైపు గ్యాస్ అమ్మకాల్లో దాన్ని కలపడం తప్పనిసరి చేసింది: 2025-26లో 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం. అదానీ టోటల్ గ్యాస్ మథుర దగ్గర బర్సానాలో ప్లాంటు ప్రారంభించడం వెనుక ఈ లెక్క ఉంది.

జవాబు – బరంపురం దగ్గరి రైతు:
మా వైపు వరిగడ్డికి లోటు లేదు, కానీ అది కోతల తర్వాత కొద్ది వారాలే దొరుకుతుంది. తడవకుండా ఏడాదంతా నిల్వ చేయాలంటే షెడ్లు, బేళ్లు కట్టే యంత్రాలు, రవాణా ఖర్చు అన్నీ ముందే పెట్టాలి. ప్లాంటు నుంచి వచ్చే సేంద్రియ ఎరువుకు కేంద్రం 2023లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది, ఆ ఎరువు మా పొలాలకు నిజంగా అవసరం. గడ్డికి గిట్టుబాటు ధర ముందే ఒప్పందంలో రాసి, ఎరువును తిరిగి మాకే అమ్మే సంస్థకు మేము గడ్డి ఇస్తాము.