ఆశ్రమం సినిమాలో భక్తులుగా కూర్చోవడం గురించి

ప్రశ్న (కోటిపల్లి): గౌతమి ఒడ్డున ఒక ఆశ్రమ సమాజం కథతో చిత్రీకరణ జరగనున్నదనీ, భక్తులుగా కూర్చోవడానికి స్థానికులు కావాలనీ ఏజెంటు చెప్పారు. మా నాన్నగారు ఉత్సాహపడుతున్నారు. అక్కడ ఏమి చేయవలసి ఉంటుంది?

జవాబు (అమలాపురం): ఎక్కువ భాగం వేచి ఉండడమేనండి. ఒకే భజన దృశ్యాన్ని దూరం నుంచి, దగ్గర నుంచి, గురువు భుజం మీదుగా మళ్ళీ మళ్ళీ తీస్తారు కాబట్టి, మొదటి షాటులో ఏ చోట, ఏ కండువాతో, ఏ బొట్టుతో కూర్చున్నారో చివరి వరకూ అలాగే ఉండాలి. లేకుంటే కంటిన్యుటీ, అంటే ఒక షాటుకూ మరో షాటుకూ మధ్య పొందిక, దెబ్బతింటుంది. మన కోనసీమ ఉక్కపోతకు విభూతి నిలవదు, మేకప్పువారు దిద్దుతూనే ఉంటారు. అక్కడే సంభాషణలు రికార్డు చేస్తుంటే వెనుకనున్నవారు శబ్దం రాకుండా పెదవులు కదపాలి, అరచేతులు తాకీ తాకనట్లు తాళం వేయాలి. గొంతెత్తి భజన చేసే అలవాటున్నవారికి అసలు కష్టం ఇదే.

జవాబు (రావులపాలెం): కూలి, భోజనం, రాకపోకల ఖర్చు, వేళ దాటితే అదనపు చెల్లింపు ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న (కోటిపల్లి): గురువు వేషధారికి పాదాభివందనం చేయడం నాన్నగారికి ఇష్టం లేదు.

జవాబు (అమలాపురం): ఆ అభ్యంతరం సమంజసమే. దృశ్యం మొదలుకాకముందే సహాయ దర్శకుడికి చెప్పి, వెనుక వరుసలో కూర్చోబెట్టమనండి.