అమ్మ రిమోట్ వదలడం లేదు: హాల్లో స్పీకర్లు ఎలా సర్దాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది అద్దె ఫ్లాటు, గోడకు మేకు కొట్టనివ్వరు. హాలు 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. సోఫా వెనక గోడకు ఆనించి ఉంది. 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) కొని 3 నెలలైంది. మాటలు వినపడట్లేదని అమ్మ సౌండ్ పెంచుతుంది, ఫైట్ రాగానే గబగబా తగ్గిస్తుంది. రిమోట్ ఆవిడ చేతిలోనే ఉంటుంది. సబ్‌వూఫర్ మూలన పెట్టాం, బేస్ వస్తే షోకేసు గలగలమంటుంది. కుడివైపు బాల్కనీ తలుపు ఉండటంతో అటు సరౌండ్ స్పీకర్‌ని (పక్కల నుంచి శబ్దం ఇచ్చేది) సోఫా పక్కనే స్టూలు మీద పెట్టా. అక్కడ కూర్చున్నవాళ్లకి అదొక్కటే వినిపిస్తుంది. మాటలు వచ్చే సెంటర్ స్పీకర్ (టీవీ దగ్గర మధ్యలో ఉండేది) వేరేది కొనమంటారా?

జవాబు:
అప్పుడే కొనకండి. మీ సెంటర్ స్పీకర్ టీవీ యూనిట్ అరలో లోపలికంటా తోసి ఉంటుంది, అవునా? అలా ఉంటే శబ్దం పైచెక్కకీ కిందచెక్కకీ తగిలి, మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. అర అంచుకు సమంగా, వీలైతే అర అంగుళం బయటికే లాగండి. స్పీకర్ ముందు అంచు కింద పిల్లల పెన్సిల్ రబ్బర్లు రెండు పెట్టి మూతి పైకెత్తండి, అది మోకాళ్లకి కాదు, చెవులకి వినిపించాలి. పాటలతో టెస్ట్ చేయొద్దు. మగ న్యూస్ రీడర్ గొంతు పెట్టి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది. చాలకపోతే రిసీవర్‌లో (స్పీకర్లన్నీ కలిపిన పెట్టె) సెంటర్ లెవెల్ ఒకటి రెండు డెసిబెల్స్ పెంచండి.

ఆటో సెటప్ (రిసీవర్ మైకుతో విని స్పీకర్ల దూరం, లెవెల్ తనే సర్దుకోవడం) మళ్లీ చేయండి. మైకుని కుషన్ మీద పడేయకుండా, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో నిలబెట్టండి. ఆ కాసేపు ఫ్యాను ఆపండి, చెమట పట్టినా సరే.

ఇంకొకరి జవాబు:
సబ్ (సబ్‌వూఫర్) సంగతి నేను చెప్తా. మూలన పెడితే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ని పెంచేస్తాయి. సబ్‌ని ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ ఉన్న పాట వేసి, మీరు గోడల వెంట నేల మీద పాకండి. ఎక్కడ బేస్ బొంయ్ మనకుండా సమంగా వినిపిస్తే సబ్ అక్కడ పెట్టేయండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి, మా ఆవిడ వీడియో కూడా తీసింది. క్రాసోవర్ (ఎంత కింది శబ్దం సబ్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. మరీ పైకి పెడితే మగ గొంతులు సబ్ ఉన్న మూల నుంచి వస్తాయి. మీవి బేస్ తక్కువ ఇచ్చే చిన్న శాటిలైట్ స్పీకర్లయితే ఇంకొంచెం పెంచక తప్పదు.

కుడి సరౌండ్‌ని స్టూలు మీంచి తీసి పొడుగు స్టాండ్ ఎక్కించండి. చెవికి ఒక అడుగు పైన, కొద్దిగా వెనక్కి ఉండాలి. ఎడమదీ అదే ఎత్తులో పెట్టండి. వైరు నేల మీద పరిస్తే చీపురుకి తగులుతుంది. బాల్కనీ తలుపు ఫ్రేమ్ పైనుంచి తిప్పి, కర్టెన్ వెనక దించండి. ఎరుపు వైరు ఎరుపు టెర్మినల్‌కే వెళ్లిందో లేదో రెండు చివర్లా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. సెంటర్ నిజంగానే 8 అంగుళాలు లోపల ఉంది, బయటికి లాగా. నిన్న రాత్రి సినిమా అయ్యేదాకా రిమోట్ టీపాయ్ మీదే ఉంది! సబ్ ఎడమ గోడ మధ్యకి వచ్చింది. అయినా గలగల ఆగకపోతే ఒక్కో వస్తువునీ చేత్తో నొక్కిచూశా. అద్దాలు కావు, షోకేసు పైన పెట్టిన ఇత్తడి పళ్లెం. కింద గుడ్డ ముక్క వేశా. ఒక్క డౌటు: సబ్ 7 అడుగుల దూరంలో ఉంటే ఆటో సెటప్ 13 అడుగులని చూపిస్తోంది. మార్చనా?

జవాబు:
ముట్టుకోవద్దు. సబ్ లోపలి సర్క్యూట్‌లో అయ్యే ఆలస్యాన్ని కూడా కలిపి దూరంగా చూపిస్తుంది. టేపు పెట్టి కొలిచి 7 చేస్తే మిగతా శబ్దం కంటే బేస్ వెనకబడుతుంది.