ఐ-130 అప్రూవయ్యాక అల్లుడి మీద అనుమానం: కేసు ఆపాలా, ముందుకెళ్లాలా?

గంటస్తంభం
పాప అమెరికా సిటిజన్. కుర్రాడిది రాజాం, కరెంటు లైన్ల కాంట్రాక్టు పని. 2024 ఫిబ్రవరిలో, మాఘమాసంలో రామతీర్థంలో పెళ్లి. రిజిస్ట్రేషన్ కూడా అయింది. ఏప్రిల్‌లో భర్తని రప్పించే పిటిషన్ ఐ-130 వేశారు, 2025 దసరా ముందు అప్రూవయింది. ఫైలు నేషనల్ వీసా సెంటర్ (ఎన్‌వీసీ)లో ఉంది. వీసా ఫీజు 325 డాలర్లు, సపోర్టు ఫీజు 120 డాలర్లు కట్టేశారు. వీసా దరఖాస్తు డీఎస్-260 కుర్రాడే నింపాడు. కుర్రాడి పోషణకి హామీ ఇచ్చే ఐ-864 ఫారం ఒక్కటి ఎక్కిస్తే ముంబై ఇంటర్వ్యూకి లైన్లో పడుతుంది.

ఇక్కడే ఆగింది. అప్రూవల్ వచ్చిన దగ్గర్నుంచి కుర్రాడి వాలకం మారింది. ఫోన్లు తగ్గాయి. రసీదు నంబరు ఇమ్మన్నాడు, తర్వాత ఆన్‌లైన్ ఖాతా పాస్‌వర్డ్ ఇమ్మన్నాడు. "నాకొచ్చేది రెండేళ్ల గ్రీన్ కార్డా, పదేళ్ల కార్డా" అని నాలుగైదు సార్లు అడిగాడు. 864 ఎప్పుడు ఎక్కిస్తారని ఒకటే తొందర. పెళ్లాం తిన్నదో లేదో అడగాల్సినవాడు కార్డు ఎన్నేళ్లదని అడుగుతుంటే ఏమనుకోవాలి? పిటిషన్ వెనక్కి తీసుకోవచ్చా? లేక ఒక ఏడాది నాన్చి కుర్రాడి సంగతి చూడొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

సిరిమాను
వెనక్కి తీసుకోండి. ఫ్రాడ్ అని కాన్సులేట్‌కి ఒక ఉత్తరం కూడా పడెయ్యండి. కార్డు చేతికొచ్చాక ఏడ్చి లాభం లేదు.

నాగావళి ఒడ్డు
సిరిమాను గారూ, ఆ ఉత్తరం భోగి మంటలో పిడక పడేసినంత తేలిక కాదు. పెళ్లి కార్డు కోసమే చేసుకున్నాడని రికార్డులో తేలితే ఇమిగ్రేషన్ చట్టం 204(సి) కింద ఆ మనిషికి జన్మలో మరే పిటిషనూ అప్రూవ్ కాదు. రేపు కంపెనీ వేసినా అంతే, ఇంకో పెళ్లి చేసుకున్నా అంతే. ఫోన్లు తగ్గాయని అంత మాట రాస్తారా?

గంటస్తంభం గారికి. పిటిషన్ వెనక్కి తీసుకునే హక్కు పిటిషనర్‌ది, అంటే పాపది. ఆమె సంతకంతో, కేసు నంబరు వేసి లెటర్ పెట్టాలి. అది పెట్టాక మళ్లీ "పొరపాటయింది" అనడానికి లేదు. మనసు మారితే కొత్త ఐ-130 వెయ్యాలి. ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, క్యూ మళ్లీ మొదటి నుంచి.

నాన్చడం గురించి. మీరు లెక్క చూసుకున్నట్టు లేదు. అమెరికాలో దిగే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1, రెండేళ్ల కార్డు. నిండితే ఐఆర్-1, పదేళ్ల కార్డు. రెండేళ్ల కార్డు వాళ్లు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో, కార్డు మీద షరతు తీసెయ్యమని ఐ-751 వెయ్యాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకం పెట్టి, ఇంటి లీజు, జాయింట్ ఖాతా, ఇన్సూరెన్సు, కలిపి వేసిన ట్యాక్సు చూపించాలి. పదేళ్ల కార్డుకి ఆ తనిఖీ లేదు. మీకు వచ్చే ఫిబ్రవరికి రెండేళ్లు నిండుతాయి. అనుమానం ఉందని ఏడాది ఆపితే, ఆ అనుమానం తేల్చే రెండో గేటు మీ చేత్తో మీరే తీసేసినట్టు. పైగా ఎన్‌వీసీలో ఏడాది పాటు ఏ కదలికా లేకపోతే కేసే మూసేస్తారు. ఇప్పుడు కదిలినా ముంబై తేదీ ఫిబ్రవరిలోపు పడుతుందని హామీ లేదనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో మాట. పాప జీతం ఎంత?

పలాస జీడి
రసీదు నంబరడిగితే తప్పేటండీ? ఆ నంబరు కొడితే స్టేటసొక్కటే కనిపిస్తాది. డీఎస్-260 ఆడే నింపాడంటన్నారు. కేసు నంబరు, ఇన్వాయిస్ నంబరు రెండూ నేకుండా ఆ ఫారం తెరుచుకోదు. అంటే అసలు తాళాలు అప్పుడే ఆడి చేతిలో ఉన్నాయి. ఇంక రసీదు నంబరు దాచి ఏటి లాభం?

గంటస్తంభం
రసీదు నంబరు సరే. పాస్‌వర్డ్ ఎందుకు?

పలాస జీడి
ఫారాలు నింపిపెట్టే కన్సల్టెంటెవడో అడిగుంటాడు.

గంటస్తంభం
డీఎస్-260 తనే నింపానన్నాడు. కన్సల్టెంట్ ఎక్కణ్నుంచి వచ్చాడు?

సిరిమాను
అదీ సంగతి. పాస్‌వర్డ్ అడిగాడంటేనే తెలియట్లేదా.

నాగావళి ఒడ్డు
పాస్‌వర్డ్ ఇవ్వకూడదు, అందులో రెండో మాట లేదు. అది పిటిషనర్ సొంత ఖాతా, ఆమె మిగతా అప్లికేషన్లు కూడా అందులోనే ఉంటాయి. కానీ ఇవ్వకూడదన్నంత మాత్రాన అడిగినవాడు దొంగ అయిపోడు. చాలామంది ఈ ఖాతాకీ, ఎన్‌వీసీ సైటుకీ తేడా తెలీక అడుగుతారు. అతనికి కావాల్సింది అప్రూవల్ నోటీసు, ఐ-797. పీడీఎఫ్ పంపితే సరిపోతుంది.

జీతం ఎంతో చెప్పలేదు.

గంటస్తంభం
తేడా తెలీనివాడికి రెండేళ్ల కార్డుకీ పదేళ్ల కార్డుకీ తేడా ఎలా తెలిసిందండీ? అదొక్కటే బాగా తెలిసిందే!

పలాస జీడి
రెండేళ్ల అంచు మీదున్న కేసులో ఎవడైనా అదే అడుగుతాడు. ఒక్కసారి ఆలోచించండి. ఆడు మోసగాడే అయితే ఫిబ్రవరి దాటేదాకా మెడికలనో, పోలీసు సర్టిఫికెట్టు రానేదనో తనే నాన్చేవోడు. పదేళ్ల కార్డు చక్కగా చేతిలో పడేది. ఈ కుర్రోడు 864 ఎక్కించండి, తొందరగా ఎక్కించండి అంటన్నాడు. తనకి నష్టమైన దారికి తొందరపడే మోసగాడిని నానెక్కడా వినలేదు.

ఫోన్ల సంగతంటారా. దసరా నుంచి తగ్గాయన్నారు. మన దగ్గర అక్టోబరు, నవంబరంటే తుపాన్ల కాలం. లైన్ల పనోడికి స్తంభాలు లేపడం, తీగలు లాగడం, రాత్రనక పగలనక. ఫోనెత్తే తీరికుంటాదా?

చీపురుపల్లి జంక్షన్
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వచ్చింది కదా. బర్త్ సర్టిఫికెట్లో పాత జిల్లా, పెళ్లి సర్టిఫికెట్లో కొత్త జిల్లా ఉంటే ఇంటర్వ్యూలో ఇబ్బందా?

నాగావళి ఒడ్డు
లేదు. డీఎస్-260లో పుట్టిన ఊరు, రాష్ట్రం, దేశం అడుగుతారు, జిల్లా అడగరు. ఊరి పేరు స్పెల్లింగు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే కొట్టాలి.

వంశధార
ఇన్ని పోస్టులు చదివాను. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. తనకి అనుమానం ఉందా?

గంటస్తంభం
పాపకేం తెలుసమ్మా, చిన్నపిల్ల. వాడు నవ్వుతూ మాట్లాడితే కరిగిపోతుంది. రెండో గేటు అన్నారు కదా, ఐ-751. విడాకులైతే పాప సంతకం లేకుండా వాడొక్కడే వేసుకోవచ్చట కదా? మరి గేటెక్కడ?

నాగావళి ఒడ్డు
వేసుకోవచ్చు. దాన్ని వెయివర్ అంటారు. విడాకులైనా, పెళ్లి మాత్రం నిజంగా కాపురం చెయ్యడానికే చేసుకున్నాననీ, కాపురం చేశాననీ కాగితాలతో చూపించాలి. దిగిన నెలకే మాయమైనవాడి దగ్గర లీజు, జాయింట్ ట్యాక్సు ఎక్కణ్నుంచి వస్తాయి? ఇంటర్వ్యూకి కూడా పిలవొచ్చు. అక్కడ అబద్ధం రుజువైతే కార్డు పోవడంతో ఆగదు. దొంగపెళ్లికి అమెరికా చట్టంలో ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. కాబట్టి గేటు ఉంది. తాళం ఒక్కరి చేతిలో లేదు, అంతే.

మూడోసారి అడుగుతున్నాను. పాప జీతం ఎంత?

పలాస జీడి
నాను సెప్పేస్తాను, కోప్పడకండి. ఇదే అటుదిటైతే, గుంట ఇక్కడుండి కుర్రోడు అమెరికాలో పిటిషనేస్తే, "కార్డెప్పుడొస్తాది" అని గుంట అడిగితే మొగుడి మీద బెంగ పెట్టుకుందని ముచ్చటపడతారు. మగోడు పెళ్లాం కాయితాల మీద ఎల్తే మాత్రం మన కళ్లకి ఇల్లరికపోడు. ఇల్లరికపోడు ఏటడిగినా ఆస్తి మీద కన్నే. ఇక్కడ మీకు కుదరంది పాస్‌వర్డ్ కాదు.

సిరిమాను
ఇల్లరికం గొడవ ఇప్పుడెందుకు? విషయం పక్కదారి పట్టించకండి.

గంటస్తంభం
పలాస గారూ, నోరు అదుపులో పెట్టుకోండి. ఇల్లరికం మాట నేనన్నానా? కట్నం అడగలేదు, ఎదురు లాంఛనాలు అడగలేదు, కోరి చేసుకున్న సంబంధం. మీకేం, పలాసలో కూర్చుని చెప్తారు. వాడు దిగిన ఆర్నెల్లకి విడిపోతే ఎవరు మొయ్యాలి? విడాకులైనా 864 పోదు. వాడు పనిచెయ్యకుండా కోర్టుకెక్కితే పోషించాల్సింది ఎవరు? మీరు కడతారా? ఏళ్ల తరబడి మెడకి చుట్టుకునే కాగితం అది!

నాగావళి ఒడ్డు
ఎవరి మెడకి?

గంటస్తంభం
అది అనవసరం.

నాగావళి ఒడ్డు
అవసరం. 864 మీద పాప ఒక్కతే సంతకం పెడుతుంటే మీకింత వేడి ఉండదు. పాప జీతం చాలక ఆమెతో పాటు హామీకి నిలబడే జాయింట్ స్పాన్సర్ మీరేనా?

గంటస్తంభం
అవును, నేనే. పాప మా తమ్ముడి కూతురు. నర్సింగ్ చదువుతూ పార్ట్ టైమ్ చేస్తోంది, వేరే ఉంటుంది. ఏడాదికి 19,000 డాలర్లు. 864కి ఇద్దరున్న ఇంటి ఆదాయం 2025 లెక్కన కనీసం 26,437 ఉండాలి. మా తమ్ముడికి స్టోరుంది గానీ ట్యాక్సులో చూపించేది తక్కువ. మిగిలింది నేను. మేం నలుగురం, కుర్రాడితో ఐదు, 47,062 దాటాలి. నాకు దాటుతుంది. ఇప్పుడు చెప్పండి, నేను అనుమానపడటం తప్పా?

సిరిమాను
మొదటి పోస్టులోనే రాయొచ్చు కదండీ ఈ ముక్క.

నాగావళి ఒడ్డు
భయపడటం తప్పు కాదు. మీరు చెప్పిందాంట్లో చాలావరకు నిజం. 864 ఒప్పందం పోయేదారులు కొన్నే ఉన్నాయి. అతను సిటిజన్ అవ్వాలి, లేదా సోషల్ సెక్యూరిటీలో 40 క్వార్టర్లు నిండాలి, అంటే సుమారు పదేళ్ల పని. లేదా దేశం వదిలి శాశ్వతంగా వెళ్లిపోవాలి, లేదా ఎవరో ఒకరు చనిపోవాలి. విడాకులు ఆ జాబితాలో లేవు. పిటిషనర్, జాయింట్ స్పాన్సర్ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం అడగొచ్చు. కాపురం కుదిరితే మూడేళ్లకి సిటిజన్‌షిప్‌కి అర్హత వస్తుంది, కుదరకపోతే మీ సంతకం చాలా కాలం బతుకుతుంది. ఇంత తెలిసి సంతకం పెట్టనంటే ఎవరూ తప్పుపట్టరు.

కానీ మీ సంతకం వేరు, పాప పెళ్లి వేరు. మీరు రెండూ ఒకే మూటలో కట్టారు. మీరు పెట్టకపోయినా పిటిషన్ చావదు. 864 చాలకుండా ఇంటర్వ్యూకి వెళ్తే 221(జి) చీటీ ఇచ్చి కొత్త స్పాన్సర్‌ని తెమ్మంటారు, దానికి ఏడాది టైముంటుంది. ఒకవేళ పెట్టి తర్వాత భయమేసినా, వీసా ఇచ్చేలోపు మీ 864 మీరు వెనక్కి తీసుకోవచ్చు. దానికి కుర్రాడి మీద ఒక్క నింద రాయక్కర్లేదు.

జాయింట్ స్పాన్సర్ లేకుండా దారి కూడా ఉంది. జీతం చాలనప్పుడు ఆస్తి చూపించొచ్చు. సిటిజన్ భార్య పిటిషనైతే తక్కువైన మొత్తానికి మూడింతలు చాలు. ఇక్కడ తక్కువైంది 7,437, మూడింతలు 22,311 డాలర్లు. డాలరు 88 లెక్కన సుమారు 19 లక్షల 63 వేలు. వలస వచ్చేవాడి సొంత ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. అంటే కుర్రాడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఆపాటి ఉంటే మీ అవసరమే లేదు. పొలం చూపించొచ్చు గానీ, అది ఏడాదిలోపు నగదుగా మారి దేశం దాటగలదని ఒప్పించాలి. వాల్యూయర్ రిపోర్టు, ఈసీ, మళ్లీ అదో తలనొప్పి. డిపాజిట్ నయం.

పలాస జీడి
లైన్ల కాంట్రాక్టరంటన్నారు కదా, ఉండొచ్చు.

వంశధార
పెదనాన్నగారూ, సంతకం పెట్టడం ఇష్టం లేదని మీ తమ్ముడికి ఒక్కమాట చెప్తే సరిపోయేది కదా. దానికోసం ఆ అబ్బాయిని ఇంతమంది ముందు దొంగని చెయ్యాలా?

గంటస్తంభం
ఎలా చెప్పమంటావమ్మా. మమ్మల్ని అమెరికా రప్పించింది మా తమ్ముడే. అన్నదమ్ముల పిటిషన్, పదమూడేళ్లు పట్టింది. ఆ రోజు నా కాగితం మీద వాడు మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఇవాళ వాడి అల్లుడికి పెట్టనని మొహం మీద అనమంటావా? కుర్రాడిలోనే ఏదో తేడా ఉందంటే వాడే ఆగుతాడనుకున్నా.

సిరిమాను
అయినా ఆ పాస్‌వర్డ్ సంగతి నాకు నచ్చలేదు.

చీపురుపల్లి జంక్షన్
డిపాజిట్ వాళ్లమ్మగారి పేరున ఉంటే పనికొస్తుందా?

నాగావళి ఒడ్డు
పనికిరాదు. పిటిషనర్‌ది, వలస వచ్చేవాడిది, లేదా పిటిషనర్ ఇంట్లోనే ఉండి 864ఏ (ఇంట్లోవాళ్ల హామీ ఫారం) మీద సంతకం పెట్టినవాళ్లది, అంతే. తల్లి ఇప్పుడు కొడుకు పేరుకి మార్చినా చిక్కే. బ్యాంకు నుంచి 12 నెలల లావాదేవీలు చూపించాలి. నిన్నగాక మొన్న 20 లక్షలు వచ్చిపడితే ఎక్కణ్నుంచి వచ్చాయని అడుగుతారు. గిఫ్ట్ డీడ్, ఆవిడ స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుంటే మంచిది. ఖాతా తెరిచిన తేదీ, ఏడాదిలో జమైన మొత్తం, ఇప్పటి నిల్వ రాసి బ్యాంకు లెటర్‌హెడ్ మీద మేనేజరు సంతకం తీసుకోండి.

గంటస్తంభం
ఆ లెటరు నమూనా ఉంటే ఇక్కడ పెట్టండి. పాప డ్యూటీ నుంచి వచ్చాక, కుర్రాడికి సొంత డిపాజిట్లు ఉన్నాయేమో అడగమంటాను. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వొద్దన్నాను.