మోజెస్ క్లీవ్‌లాండ్ తన ఊరికి మళ్ళీ రాలేదా?

ప్రశ్న:
త్యాగరాజ ఉత్సవాలకి మొదటిసారి క్లీవ్‌లాండ్ వచ్చాం. మధ్యాహ్నం ఖాళీ దొరికితే పబ్లిక్ స్క్వేర్‌కి వెళ్ళాం. అక్కడ మోజెస్ క్లీవ్‌లాండ్ విగ్రహం చూసి మా పాప, "అమ్మా, ఈయన పేరులో ఒక 'ఏ' ఎక్కువుంది, స్పెల్లింగ్ తప్పా?" అని అడిగింది. ఎవరండీ ఈయన? ఊరు కట్టి ఇక్కడే ఉండిపోయారా?

జవాబు 1:
తప్పు కాదండీ, ఆయన ఇంటిపేరే అది (ఆయన Cleaveland, ఊరు Cleveland). 1831లో ఇక్కడి పత్రిక ఒకటి, మొదటి పేజీ పైన తన పేరు పట్టక ఆ అక్షరం తీసేసిందని, ఊరికి అదే ఖాయమైందని చెప్తారు.

జవాబు 2:
ఉండిపోలేదండీ. ఇక్కడ ఆయన గడిపింది మూడు నెలలు కూడా కాదు. నేను ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, ఆ విగ్రహం దాటినప్పుడల్లా ఆ సంగతే గుర్తొస్తుంది.

ఆయనది కనెక్టికట్‌లోని కాంటర్‌బరీ. 1754లో పుట్టారు. యేల్‌లో చదివి లాయరయ్యారు, ఆ రాష్ట్ర శాసనసభలోనూ ఉన్నారు. ఇక్కడి భూములు కొన్న కనెక్టికట్ ల్యాండ్ కంపెనీ తరఫున, వాటిని కొలిపించడానికి సుమారు 50 మందిని వెంటబెట్టుకుని 1796 జూలై 22న కయహోగా నది ఎరీ సరస్సులో కలిసేచోట దిగారు. దోమలు, జ్వరాలు, చాలీచాలని తిండి. సర్వేయర్లు జీతం చాలదని ఎదురుతిరిగితే, పక్కన ఒక టౌన్‌షిప్‌లో వాళ్ళకి భూమి ఇస్తానని ఒప్పించారు. లెక్కలవాళ్ళు కదా, దానికి జామెట్రీ రాసిన గ్రీకు పండితుడు యూక్లిడ్ పేరు పెట్టుకున్నారు! మీరు కచేరీలు వింటున్న యూనివర్సిటీ ముందున్న యూక్లిడ్ అవెన్యూకి పేరు అలా వచ్చిందే.

ఇల్లు, లాయరు పని అన్నీ కాంటర్‌బరీలోనే. అక్టోబరులో వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. 1806లో 52వ ఏట అక్కడే పోయారు. ఇప్పుడు పుట్టిన పిల్లలు పెద్దయ్యేసరికి క్లీవ్‌లాండ్ కనెక్టికట్‌లోని విండ్‌హామ్ ఊరంత అవుతుందేమో అని ఆయన అన్నారట. 1850 నాటికే ఇక్కడ జనాభా 17,034. అది ఆయన చూడలేకపోయారని నాకు నిజంగా బాధేస్తుంది.

జవాబు 3:
భూమి ఎలా వచ్చిందో కూడా పాపకి చెప్పండి. దారిలో బఫెలో దగ్గర మోహాక్, సెనెకా అనే ఆదివాసీ తెగల పెద్దలతో కూర్చుని, 500 పౌన్లు, రెండు పశువులు, 100 గ్యాలన్ల విస్కీ ఇచ్చి నదికి తూర్పువైపు నేల మీద వాళ్ళ హక్కు వదిలించుకున్నారు. పడమటి ఒడ్డు 1805 ఒప్పందం దాకా ఆదివాసులదే. విగ్రహం పక్కన నిలబడి ఈ మాట చెప్పకపోతే కథ సగమే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. విస్కీ సంగతి విని పాప చాలాసేపు మాట్లాడలేదు. యూక్లిడ్ దగ్గర మాత్రం ఎగిరి గంతేసింది, స్కూల్లో ఇప్పుడు ఆయన జామెట్రీయే నడుస్తోంది. రేపు కచేరీకి ముందు పబ్లిక్ స్క్వేర్ నుంచి ఆ రోడ్డు మీదే నడిచి వస్తాం.